గైడ్‌తో చెడకుండా రీసెర్చ్ గ్రూప్ వదలడం: అసలు చిక్కు ఎక్కడుంది?

ఉద్యోగం మానేయడం ఎలాగో చాలామందికి తెలుసు. రాజీనామా ఇస్తాం, నోటీసు కాలం పూర్తి చేస్తాం, చేతిలో ఉన్న పని ఇంకొకరికి అప్పగించి బయటికి వస్తాం. ఆ తర్వాత పాత మేనేజర్‌తో పెద్దగా పని పడదు. రీసెర్చ్ గ్రూప్ వదలడం ఇలా ఉండదు. పీహెచ్‌డీ పూర్తి చేసి వెళ్లినా, మధ్యలో గైడ్‌ని మార్చుకున్నా, మాస్టర్స్ డిగ్రీతో ఆపేసి వెళ్లినా ఆ గ్రూప్‌తో ఏదో ఒక లంకె మిగిలే ఉంటుంది. ఆరు నెలలకు పేపర్ దిద్దమని జర్నల్ నుంచి రివిజన్‌కి వస్తుంది. ఏడాదికి రికమండేషన్ లెటర్ అవసరం పడుతుంది. మూడేళ్లకు ఎవరో మీ పేపర్లోని ఒక గ్రాఫ్ గురించి ప్రశ్న అడుగుతారు.

అందుకే, ఈ విషయంలో "మర్యాదగా మాట్లాడు, థాంక్స్ చెప్పు" అనే సలహా చాలదు. మర్యాద ఉండాల్సిందే. కానీ నేను చూసినంతవరకు, వెళ్లిపోయిన స్టూడెంట్‌కీ గైడ్‌కీ మధ్య చెడేది చివరి రోజు మాటల వల్ల కాదు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడే వాటి వల్ల. ఎవరికీ అర్థంకాని డేటా ఫోల్డర్, ఎవరి పేరు ముందుండాలో తేల్చుకోని పేపర్, ఎప్పటికి ముగిస్తామో చెప్పకుండా "చేసిస్తాను సర్" అని ఒప్పుకున్న పని. ఈ మూడింటినీ గ్రూప్‌లో ఉన్నప్పుడే తేల్చుకుని కాగితం మీద పెట్టుకున్నవాళ్లు, గైడ్‌తో అంతకుముందు అంతగా పొసగకపోయినా, తర్వాత బాగానే ఉన్నారు. తేల్చుకోకుండా కన్నీళ్లతో వీడ్కోలు తీసుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి మెయిల్స్‌కి జవాబులు మానేశారు.

ఒకే మనిషి, నాలుగు సంబంధాలు

గైడ్ మీకు గురువు. మీ థీసిస్ పాసవ్వాలా వద్దా అన్నదాంట్లో ఆయన మాటకు బరువుంటుంది. చాలా గ్రూపుల్లో మీ స్టైపెండ్ కూడా ఆయన తెచ్చిన గ్రాంట్‌లోంచే, అంటే పరిశోధనకు వచ్చిన నిధుల్లోంచే వస్తుంది కాబట్టి ఒక విధంగా యజమాని. పేపర్ల మీద మీ పేరు పక్కన ఆయన పేరుంటుంది కాబట్టి సహరచయిత. రేపు మీరు ఏ ఉద్యోగానికి అప్లై చేసినా మీ గురించి చెప్పమని అడిగేది ఆయన్నే. వేరే చాలా వృత్తుల్లో ఈ నాలుగు పనులూ వేర్వేరు మనుషులు చేస్తారు. ఇక్కడ ఒక్కరే చేస్తారు. పీటముడి పడేది ఇక్కడే.

ఈ నాలుగూ ఒకే రోజున తెగవు. జీతం సంబంధం ఒక నెలాఖరుతో ముగుస్తుంది. గురువుగా సంబంధం థీసిస్‌ని కమిటీ ముందు సమర్థించుకునే డిఫెన్స్‌తోనో, గైడ్ మార్పు ఫారం మీద సంతకంతోనో ముగుస్తుంది. సహరచయితలుగా సంబంధం చివరి పేపర్ అచ్చయ్యేదాకా, నిజానికి ఆ తర్వాత కూడా సాగుతుంది. రికమండేషన్ సంబంధమైతే పదేళ్లు ఉండొచ్చు. "నేను వెళ్తున్నాను సర్" అన్న మాట వినగానే ఆయన మనసులో ఈ నాలుగూ ఒకేసారి కదులుతాయి. మీరు ఒక దాని గురించే మాట్లాడుతున్నా, ఆయన ఇంకోదాని గురించి వింటూ ఉండొచ్చు.

ఉదాహరణకు, స్టూడెంట్ "నా ఆసక్తి మారింది" అంటాడు. గైడ్ మొహం చిన్నబోతుంది. స్టూడెంట్ అది తన మీద కోపం అనుకుంటాడు. నిజానికి ఆ క్షణంలో గైడ్ లెక్కపెడుతున్నది ఇంకోటి: గ్రాంట్ రిపోర్ట్ ఎప్పుడు ఇవ్వాలి, అందులో ఈ స్టూడెంట్ చేయాల్సిన భాగం ఎంత, కొత్తవాళ్లని తీసుకుని నేర్పించడానికి ఎన్నాళ్లు పడుతుంది. గ్రాంట్లకు గడువులుంటాయి. ఫలానా ఏడాదికి ఫలానా ఫలితం చూపిస్తామని ఆయన రాసిచ్చి ఉంటారు. ఆ మాట నిలబెట్టుకోవడం మీ చేతుల మీద ఆధారపడి ఉంటే, మీరు వెళ్లడం ఆయనకు ముందు ఒక పని సమస్య, ఆ తర్వాతే మనసుకు సంబంధించిన విషయం. ఇది తెలిస్తే మొదటి సంభాషణకు ఎలా సిద్ధపడాలో కూడా తెలుస్తుంది. కారణాల జాబితా కన్నా, "నా భాగం పని ఇలా ముగిస్తాను, ఇది ఫలానావాళ్లకి ఇలా అప్పగిస్తాను" అన్న ఒక పేజీ ఆయనకు ఎక్కువ ఊరటనిస్తుంది.

ముందు ఎవరికి చెప్పాలి?

పీహెచ్‌డీ పూర్తి చేసి వెళ్లేవాళ్లకి ఈ ప్రశ్న పెద్దగా ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు వెళ్తారని అందరికీ తెలిసిందే. మధ్యలో గ్రూప్ మారేవాళ్లకే ఇది టెన్షన్.

నా అభిప్రాయంలో, మొదట చూడాల్సింది రూల్స్. గైడ్‌ని మార్చుకోవడానికి డిపార్ట్‌మెంట్‌లో ఏం పద్ధతి ఉంది, ఎవరి సంతకం కావాలి, మారితే స్టైపెండ్ ఏమవుతుంది, పరాయి దేశంలో చదువుతుంటే వీసా మీద ఏమైనా ప్రభావం ఉంటుందా. ఇవి రాతలో ఉంటాయి. పీహెచ్‌డీ ప్రోగ్రామ్ చూసే కోఆర్డినేటర్‌ని అడిగితే చెప్తారు. మాట బయటికి పోకూడదని ముందే స్పష్టంగా చెప్పండి. ఆ తర్వాత కొత్త గ్రూప్‌లో చోటు ఉందో లేదో కనుక్కోవాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. కొత్త ప్రొఫెసర్‌తో అన్నీ ఖాయం చేసుకున్నాకే పాత గైడ్‌కి చెబుదామనుకుంటారు. ప్రొఫెసర్లు ఒకే కారిడార్‌లో నడుస్తారు, ఒకే కమిటీల్లో కూర్చుంటారు. "మీ స్టూడెంట్ నా దగ్గరికి వస్తానంటున్నాడు, మీకు ఇబ్బందేం లేదుగా?" అని కొత్త ప్రొఫెసర్ మంచి మనసుతోనే అడగొచ్చు. మీ గైడ్‌కి మీ సంగతి మొదట ఆ నోటి నుంచి తెలిస్తే, ఆ తర్వాత మీరు ఎంత వివరించినా ఆ కష్టం పోదు.

కాబట్టి చోటు ఉండే అవకాశం ఉందా అన్నంతవరకే ముందు తెలుసుకోండి. "మా గైడ్‌తో ఇంకా మాట్లాడలేదు, మాట్లాడాకే మీకు గట్టిగా చెప్తాను" అని కొత్త ప్రొఫెసర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మాటతో మీ మీద ఆయనకు గౌరవం పెరుగుతుంది. రేపు తన గ్రూప్ నుంచి వెళ్లేటప్పుడు కూడా మీరు ఇలాగే చేస్తారని అర్థమవుతుంది కదా. ల్యాబ్‌మేట్స్‌కి మాత్రం గైడ్ కంటే ముందు చెప్పకండి, ఎంత దగ్గరివాళ్లైనా సరే. చెప్తే ఆ రహస్యం మోసే భారం వాళ్ల మీద పడుతుంది.

మాట ఎత్తేటప్పుడు

ఎదురుగా కూర్చుని చెప్పాలి. గ్రూప్ మీటింగ్ చివర్లో కాదు, మెయిల్‌లో కాదు. వేరే ఊళ్లో ఉంటే వీడియో కాల్‌లో. "సర్, ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి, అరగంట కావాలి" అని ముందే అడగండి. అక్కడికి వెళ్లాక డొంకతిరుగుడుగా మొదలుపెట్టొద్దు. "సర్, నేను గ్రూప్ మారాలని నిర్ణయించుకున్నాను. ఇక్కడ నేర్చుకున్నది చాలా ఉంది. కానీ నేను చేయాలనుకుంటున్న పని వేరే దిక్కున ఉందని ఈ ఏడాదిలో తెలిసింది. ఈ సెమిస్టర్ చివరిదాకా ఉండి నా పని పద్ధతిగా అప్పగిస్తాను." ఇంతే. ఇది నిర్ణయమైతే నిర్ణయంలాగే చెప్పాలి. "ఆలోచిస్తున్నాను సర్" అంటే ఆయన మిమ్మల్ని ఆపడానికి ప్రయత్నిస్తారు. అది సహజం. అప్పుడు ప్రతి వారం అదే చర్చ, అదే బుజ్జగింపు. చివరికి ఇద్దరికీ విసుగు. తెగేదాకా లాగడం అంటే ఇదే. ఇంకా తేల్చుకోకపోతే మాత్రం, నిజంగా సలహా అడగడానికే వెళ్లండి, అలాగే అడగండి.

కారణం ఎంత చెప్పాలి? అబద్ధం చెప్పొద్దు, కానీ నిజమంతా ఒకే రోజు కుమ్మరించాల్సిన పనీ లేదు. "మీరు నా డ్రాఫ్ట్ మూడు నెలలు చదవలేదు" అన్నది మీరు వెళ్లడానికి అసలు కారణమే కావొచ్చు. వెళ్లే రోజు ఆ మాట అంటే ఆయన తనను తాను సమర్థించుకోవడంలో పడతారు, అప్పగింత గురించి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలదు. ఆ ఫిర్యాదు ఆయన మారడానికి పనికొస్తుందని మీకు నిజంగా అనిపిస్తే కొన్ని నెలల తర్వాత, మీ మధ్య లెక్కలేవీ మిగలనప్పుడు, శాంతంగా చెప్పండి. అప్పుడు వినే అవకాశం ఎక్కువ.

మాట్లాడిన రోజే ఒక మెయిల్ రాయండి. ఏం అనుకున్నామో నాలుగు వాక్యాల్లో: ఆఖరి తేదీ, అప్పగించాల్సిన పనులు, పేపర్ల పరిస్థితి, మళ్లీ ఎప్పుడు కలుస్తాం. ఇది ఆయన్ని నమ్మక కాదు. అంత బరువైన సంభాషణ తర్వాత ఇద్దరికీ వేర్వేరు విషయాలు గుర్తుంటాయి, అందుకు.

పేపర్ మీద ఎవరి పేరు, ఎక్కడ

గొడవలు ఎక్కువగా పుట్టే చోటు ఇది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

స్టూడెంట్ ప్రయోగం సగం చేసి వెళ్లిపోతాడు. జూనియర్ వచ్చి మిగతా సగం చేసి, పేపర్ రాస్తుంది. ఫస్ట్ ఆథర్ ఎవరు, అంటే పేపర్ మీద మొదటి పేరు ఎవరిది? "మొదలుపెట్టింది నేను" అని ఇతను, "పూర్తి చేసింది నేను" అని ఆమె. ఇద్దరిదీ నిజమే. గైడ్‌కి తీర్పు చెప్పడం ఇష్టముండదు, వాయిదా వేస్తారు. పేపర్ డ్రాఫ్ట్ పూర్తయిన రోజున విషయం పేలుతుంది.

దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న చట్టమంటూ లేదు. కొన్ని గట్టి ప్రమాణాలు మాత్రం ఉన్నాయి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 1978లో వాంకూవర్‌లో మొదలైంది. దాని సిఫార్సులను వైద్యరంగం దాటి కూడా చాలా జర్నల్స్ పాటిస్తాయి. వాటి ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగు ఉండాలి. పని ఆలోచనలో, రూపకల్పనలో, డేటా సేకరణలో, విశ్లేషణలో గానీ దాన్ని అర్థంచేసుకోవడంలో గానీ గట్టి పాత్ర ఉండాలి. డ్రాఫ్ట్ రాయడంలో, లేదా దాన్ని ఆలోచనతో దిద్దడంలో భాగం ఉండాలి. అచ్చుకు వెళ్లే ప్రతికి ఆమోదం తెలపాలి. పనిలో ఏ భాగం గురించి ప్రశ్న వచ్చినా అది పరిష్కారమయ్యేలా చూసే బాధ్యత ఒప్పుకోవాలి. నాలుగూ ఉండాలి, ఒక్కటి చాలదు.

వెళ్లిపోయినవాళ్లకి ఇందులో ఒక ముఖ్యమైన విషయం ఉంది. మొదటి షరతు నెరవేర్చినవాళ్లకి మిగతావి నెరవేర్చే అవకాశం ఇవ్వాలని కూడా ఆ సిఫార్సులు చెప్తాయి. అంటే "డ్రాఫ్ట్ రాసేటప్పటికి అతను ఇక్కడ లేడు కదా" అని పేరు తీసేయడం సరికాదు. డ్రాఫ్ట్ పంపాలి, చదివి దిద్దమని అడగాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది. డ్రాఫ్ట్ పంపితే మీరు రెండు నెలలు జవాబివ్వకపోతే, ఆమోదం అనే షరతు మీ వైపు నుంచే తప్పుతోంది. సహరచయితలందరి ఆమోదం లేనిదే పేపర్ పంపకూడదన్నది చాలా జర్నల్స్ రూల్. మీరు మొహం చాటేస్తే, ఆ పేపర్ మీద ఆధారపడిన జూనియర్ డిగ్రీ ఆగిపోతుంది. మంచి సంబంధాలు పాడయ్యే దారుల్లో ఇది మామూలుగా కనిపించేదే, ఆపడం కూడా చాలా తేలిక.

కాబట్టి వెళ్లే ముందు ఒక పట్టిక రాసుకోండి. ప్రతి పేపర్‌కి ఒక వరస: ఇప్పుడు ఏ దశలో ఉంది, నేను ఏం చేశాను, ఇంకా ఏం మిగిలింది, అది ఎవరు చేస్తారు, ఇప్పటికి అనుకుంటున్న పేర్ల వరస ఏంటి, ఏం జరిగితే ఆ వరస మారుతుంది. ఈ చివరి గడి చాలా విలువైనది. "మిగతా ప్రయోగాల తర్వాత ఫలితం ఇప్పటి దారిలోనే ఉంటే ఫస్ట్ ఆథర్ నేను. ప్రయోగాన్ని కొత్తగా డిజైన్ చేయాల్సి వస్తే జూనియర్ మొదట, నేను తర్వాత. లేదా ఇద్దరం సమానమని పేపర్లో రాస్తాం." ఇలా రాసుకుంటే తర్వాత మారినా ఎవరికీ అన్యాయం జరిగినట్టు అనిపించదు.

"నేను ఏం చేశాను" అన్న గడి నింపడానికి క్రెడిట్ (CRediT) అనే వర్గీకరణ ఉపయోగపడుతుంది. 2014లో వచ్చిన ఈ పద్ధతిలో పరిశోధన పనిని 14 పాత్రలుగా విడదీశారు: ఆలోచన, పద్ధతి రూపొందించడం, సాఫ్ట్‌వేర్, ప్రయోగాలు చేయడం, విశ్లేషణ, డేటా నిర్వహణ, మొదటి డ్రాఫ్ట్, సమీక్షించి దిద్దడం, నిధులు తేవడం, ఇలా. పేపర్ చివర ఎవరి పాత్ర ఏమిటో ఈ మాటల్లోనే రాయమని చాలా జర్నల్స్ అడుగుతున్నాయి. గ్రూప్‌లో ఉన్నప్పుడే ఈ 14 పాత్రల్లో మీవి ఏవో గైడ్‌తో కూర్చుని గుర్తుపెట్టుకుంటే, "నేనే అంతా చేశాను" అన్న మాట ఎవరి నోటి నుంచీ రాదు.

చిన్న విషయాలు రెండు. పేపర్ మీద మీ సంస్థ పేరుగా పని జరిగిన పాత సంస్థనే రాయడం ఆనవాయితీ. కొత్త చోటును "ప్రస్తుత చిరునామా"గా కింద రాస్తారు. కొత్త గ్రూప్‌కి ముందే చెప్పి ఉంచండి. రెండోది, యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఎప్పుడో ఒకప్పుడు మూసేస్తారు. జర్నల్ నుంచి ఆమోదం అడిగే మెయిల్ దానికే వెళ్తే మీకు తెలియదు. సొంత మెయిల్ ఐడీ అందరికీ ఇవ్వండి. 2012 నుంచి ఉన్న ఆర్కిడ్ (ORCID) అనే, పరిశోధకులకిచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య తీసుకుని, దానికి ఆ సొంత మెయిల్ జోడించండి. సంస్థ మారినా, ఇంటిపేరు మారినా ఆ సంఖ్య మారదు.

డేటా ఎవరిది? కోడ్ ఎవరిది?

"నేను రాత్రింబవళ్లు కష్టపడి సేకరించిన డేటా నాది కాదా?" అని అడిగితే, చాలా చోట్ల జవాబు "కాదు" అనే. గ్రాంట్ సాధారణంగా సంస్థ పేరు మీద వస్తుంది, డేటా కూడా సంస్థదే అవుతుంది. గైడ్ దాన్ని కాపాడే బాధ్యత మోస్తారు. గ్రాంట్ ముగిశాక కూడా కొన్నేళ్లపాటు దాచి ఉంచాలని నిధులిచ్చే సంస్థలు షరతు పెడతాయి. అందుకే ల్యాబ్ నోట్‌బుక్ అసలు ప్రతి అక్కడే ఉండాలి. కాపీ కావాలంటే అడిగి తీసుకోండి, ఏమేం తీసుకెళ్తున్నారో మెయిల్‌లో రాయండి. మనుషుల ఆరోగ్య వివరాలున్న డేటా, పేటెంట్‌కి వెళ్తున్న పని, కంపెనీతో ఒప్పందం ఉన్న ప్రాజెక్టు అయితే కాపీ కూడా కుదరకపోవచ్చు. అడగకుండా పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లడం చెడు ఉద్దేశంతో చేయకపోయినా దొంగతనంలా కనిపిస్తుంది.

అప్పగింత గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను గ్రూప్ వదిలేటప్పుడు కోడ్ అంతా సర్దాను, ఫోల్డర్లకు పేర్లు పెట్టాను, ఎలా నడపాలో రాసిపెట్టాను. బాగా చేశాననే అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత నా తర్వాత వచ్చిన జూనియర్ ఫోన్ చేసింది. "అన్నా, రెండు వారాల నుంచి మీ గ్రాఫ్ నాకు రావట్లేదు" అంది. గొంతులో ఏడుపు ఉంది. నా కోడ్‌లో ప్రతి ఫైల్ నుంచి మొదటి 200 రీడింగులు తీసేసే లైన్ ఒకటి ఉంది. పరికరం వేడెక్కేదాకా వచ్చే రీడింగులు నమ్మదగ్గవి కావు కాబట్టి అలా తీసేసేవాణ్ని. ఎందుకో ఎక్కడా రాయలేదు. అది పొరపాటున మిగిలిన లైన్ అనుకుని ఆమె తీసేసింది. తప్పు నాది, రెండు వారాలు నష్టపోయింది ఆమె.

ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, అప్పగింతలో తప్పిపోయేవి ఫైళ్లు కావు, కారణాలు. ఏం చేశామో కోడ్‌లో కనిపిస్తుంది. ఎందుకు చేశామో మన తలలోనే ఉండిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఒకటే. జూనియర్‌ని వేరే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మీరు రాసిన సూచనలు మాత్రమే చూస్తూ మీ పేపర్లోని ఒక గ్రాఫ్‌ని మొదటి నుంచి తయారు చేయమనండి. మీరు పక్కనే ఉండండి, నోరు విప్పకండి. ఆమె ఎక్కడ ఆగిందో, ఎక్కడ మీకు "అది అలా కాదు" అనాలనిపించిందో అక్కడల్లా ఒక వాక్యం రాయాలి. ఇది ఆఖరి వారంలో చేస్తే లాభం లేదు. కనీసం నెల ముందు చేయాలి. ఎందుకంటే మొదటిసారి ఎవరికీ కుదరదు.

ఇంకొన్ని చోట్ల కూడా ఇలాగే దెబ్బతింటారు. షేర్ చేసిన క్లౌడ్ ఫోల్డర్ మీ యూనివర్సిటీ అకౌంట్ పేరు మీద ఉంటే, అకౌంట్ మూసేసిన రోజున గ్రూప్ మొత్తానికీ అది పోవచ్చు. యాజమాన్యం మార్చాలి. కోడ్ మార్పుల్ని దాచే గిట్‌లో కోడ్ మీ సొంత అకౌంట్‌లో ఉంటే గ్రూప్ అకౌంట్‌కి బదిలీ చేయాలి. రోజూ రాత్రి దానంతట అదే నడిచే ప్రోగ్రామ్ ఏదైనా మీ లాగిన్ మీద ఉంటే అది నిశ్శబ్దంగా ఆగిపోతుంది, ఎవరికీ వెంటనే తెలియదు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో వాడారో రాయకపోతే రెండేళ్లకు కోడ్ నడవదు.

తడి ల్యాబ్‌లో, అంటే రసాయనాలతో, జీవ నమూనాలతో పని చేసేవాళ్ల సంగతి ఇంకా సున్నితం. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో మీ పొట్టి పేర్లతో ఉన్న డబ్బాలు మీరు వెళ్లాక ఎవరూ వాడలేరు, పారేయడానికీ భయపడతారు. మార్కర్‌తో రాసిన పేరు ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. ప్రతి డబ్బాకీ ఒక వరస చొప్పున జాబితా కావాలి: ఏమిటి, ఎప్పటిది, ఏ నోట్‌బుక్ ఏ పేజీ, ఉంచాలా పారేయాలా. పేరులేని రసాయనం సీసా అంతకన్నా ప్రమాదం. ఈథర్ లాంటివాటిలో నిల్వ ఉన్నకొద్దీ పేలే గుణమున్న పెరాక్సైడ్లు తయారవుతాయి. అందులో ఏముందో తెలియని సీసాని తీయించడానికి ల్యాబ్ భద్రతా సిబ్బందిని పిలవాల్సి వస్తుంది. ఎథిక్స్ అనుమతుల మీద, జంతువులపై ప్రయోగాల అనుమతుల మీద మీ పేరు బాధ్యుడిగా ఉంటే అది కూడా మార్పించాలి. మర్చిపోయేది ఎక్కువగా ఇదే.

ఇదంతా చేస్తున్నప్పుడు మీ పని ల్యాబ్ టెక్నీషియన్లతో, ఆఫీసు సిబ్బందితో, ఆర్డర్లు చూసేవాళ్లతో పడుతుంది. గ్యాస్ సిలిండర్ ఆర్డర్ చేయడమో, సర్వర్ చూసుకోవడమో లాంటి ఉమ్మడి పని మీ వంతు ఉంటే అది కూడా పేరుపెట్టి ఒకరికి అప్పగించండి. గైడ్‌తో ఒక్కరితోనే బాగుండి వీళ్లని పట్టించుకోకపోతే ఆ గ్రూప్‌లో మీ గురించి మిగిలే మాట వేరేలా ఉంటుంది.

వెళ్లాక ఎంత పని, ఎన్నాళ్లు?

ఏరు దాటాక తెప్ప తగలేసినవాడనే పేరు వస్తుందేమోనన్న భయంతో చాలామంది హద్దు లేకుండా ఒప్పుకుంటారు. కొత్త ఉద్యోగంలో చేరాక రాత్రి పదకొండుకు పాత పేపర్ రివిజన్, శనివారాలు పాత ప్రయోగాల విశ్లేషణ. మొదటి నెల బాగానే ఉంటుంది. తర్వాత ఆలస్యం, ఆ తర్వాత సాకులు, చివరికి మౌనం. గైడ్ వైపు నుంచి చూస్తే మీరు మాట తప్పారు. మీ వైపు నుంచి చూస్తే ఆయన మిమ్మల్ని పిండేశారు. మొదట్లోనే "ఇంతవరకు చేయగలను, ఇది చేయలేను" అని చెప్పి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

హద్దు పెట్టేటప్పుడు పనిని బట్టి పెట్టండి. "ఫలానా పేపర్ రివిజన్‌లో రాత మార్పులు, ఉన్న డేటా మీద కొత్త విశ్లేషణ నేను చేస్తాను. కొత్త ప్రయోగాలు జూనియర్ చేస్తుంది. నెలకు ఒకసారి కాల్, ఆరు నెలల దాకా." ఇలా చెప్తే నొచ్చుకునే గైడ్‌లు తక్కువ. నిజానికి చాలామందికి ఊరటగా ఉంటుంది, ప్లాన్ చేసుకోవచ్చు కదా. కంపెనీలో చేరుతుంటే ఇంకో జాగ్రత్త. అక్కడ మీరు రాసేది, కనిపెట్టేది కంపెనీదే అవుతుందని ఒప్పందంలో ఉండొచ్చు. పాత గ్రూప్ పని కొనసాగించడానికి చేరే ముందే రాతలో అనుమతి తీసుకోండి.

ఇదే పరిశోధనా రంగంలో మీరు కొత్త చోట సొంతంగా పని మొదలుపెడుతుంటే, ఏ సమస్య ఎవరిది అన్నది కూడా తేల్చుకోవాలి. ఈ సంభాషణ ఇబ్బందిగా ఉంటుంది, అందుకే వాయిదా వేస్తారు. మూడేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే ఐడియా మీద గ్రాంట్‌కి అప్లై చేశారని తెలిసినప్పుడు కలిగే బాధతో పోలిస్తే ఈ ఇబ్బంది చాలా చిన్నది.

రికమండేషన్ లెటర్ సంగతి మాత్రం తేలిక. వెళ్లకముందే అడగండి. మీరు చేసిన పనులు, ఎదుర్కొన్న కష్టాలు, అవి ఎలా దాటారో రెండు పేజీలు రాసివ్వండి. జ్ఞాపకాలు పచ్చిగా ఉన్నప్పుడే ఆయన ఒక ప్రతి రాసి పెట్టుకుంటే ఏళ్ల తర్వాత కూడా దాన్నే సవరించి పంపుతారు. "గట్టిగా రాయగలరా సర్?" అని అడగడంలో తప్పులేదు. ఆయన తటపటాయిస్తే థీసిస్ కమిటీలో మీ పని దగ్గరగా చూసిన ఇంకొకరిని అడగండి.

మంచిగా ఉండటం కుదరనప్పుడు

ఇప్పటిదాకా చెప్పినదంతా గైడ్ మామూలు మనిషి, కాస్త ఒత్తిడిలో ఉన్న మనిషి అన్న లెక్కతో చెప్పాను. అలా కాని సందర్భాలున్నాయి. వేధింపు ఉన్నచోట, డేటా మార్చమని ఒత్తిడి చేసేచోట, భద్రత లేని పరిస్థితుల్లో పని చేయించేచోట "మంచిగా బయటికి రావడం" మీ లక్ష్యం కాకూడదు. క్షేమంగా బయటికి రావడమే లక్ష్యం. ఒంటరిగా ఎదురుగా కూర్చుని మాట్లాడాలన్న సలహా కూడా అప్పుడు వర్తించదు. తేదీలతో సహా జరిగింది రాసిపెట్టుకోండి. యూనివర్సిటీలో గోప్యంగా వినే ఆంబుడ్స్‌పర్సన్ ఉంటే వాళ్ల దగ్గరికి, లేకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి, డాక్టోరల్ కమిటీలో నమ్మకమున్న ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లండి. అప్పగింత అక్కడ కూడా చేయాలి, కానీ రాతలో, ఇంకొకరి సమక్షంలో చేయాలి. ఏమీ తీసుకెళ్లలేదని, అన్నీ ఇచ్చామని రుజువు మీ దగ్గర ఉండాలి.

వీటి మధ్యలో ఇంకో రకం ఉంది. గైడ్ చెడ్డవారు కాదు, కానీ వదలరు. "ఇంకొక్క పేపర్ అయ్యాక డిఫెన్స్ పెట్టుకుందాం" అంటారు, అది అయ్యాక ఇంకోటి. ఇక్కడ పోట్లాడితే లాభం లేదు. కమిటీ మీటింగ్ పెట్టించి, థీసిస్‌లో ఏ అధ్యాయాలు ఉంటే చాలో అందరి ముందు తేల్చి, ఆ నిర్ణయాన్ని మినిట్స్‌లో రాయించాలి. అప్పుడు గైడ్‌తో వాదించాల్సింది మీరొక్కరే కాదు.

పేపర్ అచ్చయిన మూడేళ్లకు

రచయితకు ఉండాల్సిన నాలుగు షరతుల్లో బాధ్యత అనేది 2013లో చేరింది. అది కాగితం మీద ఒక వాక్యం, ఒక రోజు నిజంగా అవసరమయ్యేదాకా. మీ పాత పేపర్లోని బొమ్మలో ఏదో తేడా ఉందని ఒక పాఠకుడు జర్నల్‌కి రాస్తాడు. ఎడిటర్ గైడ్‌ని అడుగుతారు. ఆ బొమ్మ చేసింది మీరు. ముడి డేటా గ్రూప్ సర్వర్‌లో ఎక్కడో ఉంది. అది ఏ ఫోల్డరో చెప్పగలిగేది మీరు, తెరిచే హక్కు ఉన్నది ఆయనకు. జవాబివ్వడానికి ఎడిటర్ ఇచ్చిన గడువు కొన్ని వారాలే. అది నిజాయితీగా జరిగిన పొరపాటైతే మామూలుగా ఒక సవరణతో సరిపోతుంది, దాని మీద సహరచయితలందరూ ఒప్పుకోవాలి. అలాంటి రోజున ఆయన మీకు ఫోన్ చేయగలగాలి, మీరు ఎత్తగలగాలి. అప్పగింత ఫైల్ మొదటి పేజీలోనే ప్రతి పేపర్లోని ప్రతి బొమ్మకూ ముడి డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ కోడ్‌తో చేశారో ఒక్కో వరసలో రాసి ఉంటే, ఆ ఫోన్ పది నిమిషాల్లో ముగుస్తుంది.